చందనం నూనెలో గాజు కడ్డీ

పందొమ్మిది వందల యాభైలలో నేను పటాన్‌చెరు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఒకరోజు సంగారెడ్డి బస్సులో నా పక్కన ముసలి అత్తరు వ్యాపారి కూర్చున్నాడు. నేను సైన్సు పంతుల్నని గొప్పగా చెప్పుకున్నాను. బస్సు ఇంకా కదలలేదు. అతను కొత్తగా కొన్న చందనం నూనె సీసా తెరిచి, సన్నని గాజు కడ్డీ ముంచాడు. మునిగినంత మేరా కడ్డీ మాయమైంది.

"కల్తీ లేదు. వేరే నూనె కలిస్తే కడ్డీ కనపడ్తది," అన్నాడు. "నీళ్లల్ల కూడ కనపడ్తది. గిండ్లనే ఎందుకు కనపడదు, మాస్టర్ సాబ్?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అతను నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

"నాకు తెల్వదు," అన్నాను.

"నలభై ఏండ్ల సంది నాకూ తెల్వదు. మీకు తెలిస్తే జెర చెప్పుండ్రి," అని ఇస్నాపూర్‌లో దిగిపోయాడు.

వారం రోజులు పుస్తకాలు తిరగేస్తే సంగతి తెలిసింది. ఆ నూనెలోనూ గాజులోనూ వెలుతురు దాదాపు ఒకే వేగంతో పోతుంది. అందుకే అది గాజు అంచు దగ్గర వంగదు, వెనక్కి మళ్లదు. కంటికి గాజు ఆనవాలు దొరకదు.

సంతోషంగా పుస్తకం మూశాను. అతని పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.