డాక్టరే హంతకుడని మైకులో చెప్పిన రోజు

ఆ రోజుల్లో బోధన్‌లో సినిమా నిలుస్తుందా పోతుందా అన్నది తెర మీద కాదు, టాంగా మీద తేలేది. టాంగాకు రెండు వైపులా బొమ్మల అట్టలు, ముందు నోరు తెరిచిన మైకు, దాని వెనక నేను. నేర కథను ఎట్లా ఆడించాలో మద్రాసు సినిమా వాళ్లకు నేర్పింది నేనే అంటే మీరు నవ్వుతారు. నవ్వండి. (మద్రాసు అన్నది కొంచెం సాగదీసి చెప్పిన మాట. ఫిల్మ్ డబ్బా తెచ్చే మనిషి ఒకడు "ఏం జేసినవన్నా?" అని అడిగాడు, అంతే.)

చెరకు బండ్లు ఫ్యాక్టరీ ముందు బారులు తీరే కాలంలో ఓ నేర చిత్రం వచ్చింది. అంతా చీకటి, వాన, టోపీలు, సిగరెట్ పొగ. కథానాయికకు రోజూ పాలలో విషం కలిపి ఇస్తున్నది ఇంటి డాక్టరేనని చివరి రీలులో గానీ తెలియదు. మొదటి ఆట చూసి బయటికొచ్చిన ఒకాయన "కరెంటు పోయిందనుకున్న, బొమ్మే గంత చీకటట" అని పోయాడు. మర్నాడు ఖాళీ బెంచీలే. టాకీసు యజమానిని మేం సాబ్ అనేవాళ్లం. ఆయన నన్ను పిలిచి, "సూడు మియా, ఆదివారం మ్యాట్నీ నిండకపోతే డబ్బా వాపస్. దాని ఎంబడి నువ్వు సుత" అన్నాడు. అసలు కష్టం అది కాదు. వర్ని ఊరి నుంచి నాకు పిల్లనిస్తామని వచ్చిన పెద్దమనిషి "పిల్లగానికి నౌకరి పక్కానే గదా?" అని పదేపదే అడిగి వెళ్లాడు. మైకు పోతే పిల్లా పోతుంది.

ఆదివారం పొద్దున అంగట్లో టాంగా ఆపి "హంతకుడెవరు? రండి, చూడండి!" అని గొంతు చించుకుంటుంటే, బెల్లం అమ్మే అవ్వ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. "నా బెల్లమే నోట్లేసుకోనిది ఎవ్వలు కొనరు. గా సంపినోడెవడో చెప్పకుంట నీ బొమ్మ ఎట్ల కొనాలె కొడుకా?" అంది. అంగడంతా నవ్వింది. నాకు రోషం వచ్చింది. "డాక్టరే! పాలల్ల మందు కలిపింది డాక్టరే!" అని మైకులోనే అరిచేశాను. (ముందే ఆలోచించి చెప్పానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఆలోచన లేదు, ఏమీ లేదు. నోరు జారింది.)

సాబ్ చెప్పు తీయబోతుండగానే జనం వచ్చారు. ముఖాలు కొత్తవి, కానీ హాలు నిండింది. డాక్టరు పాలగ్లాసు పట్టుకొని రాగానే "ఓ బిడ్డా, గా పాలు తాగకే! పారబొయ్యి!" అని హాలంతా అరిచింది. గేటు దగ్గర టికెట్లు చింపుతూ నాకు జ్ఞానోదయమైంది. హంతకుణ్ణి దాచడం గొప్ప కాదు. మనకు తెలిసిన సంగతి ఆ పిల్లకు తెలియకపోవడమే మనల్ని బెంచీకి అతికించేది. ఇప్పుడొచ్చే కొత్త క్రైమ్ సినిమాలకైనా అదే ప్రాణమని మనవలకు నేటికీ చెబుతుంటాను. సాబ్ "షాబాష్ మియా" అన్నాడు. నౌకరి నిలిచింది, వర్ని పిల్ల మా ఇంటికొచ్చింది.

(హాలంతా అన్నాను గానీ, అరిచింది ఒక్క గొంతే.)

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ ఇరవై రెండేళ్ల మైకు పిల్లగాడి మీద ముచ్చటపడుతుందనుకున్నాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"అరిసింది మా అమ్మమ్మ. తెర మీద ఎవడు పాలిచ్చినా ఆమె గట్లనే అరిసేది. నీ మైకు వర్నిల ఉన్న మాకెట్ల ఇనబడ్తది? పెండ్లి పిల్లగాడు ఎట్లున్నడో సూద్దామని మా వాడకట్టంత బండ్లు కట్టుకొని వచ్చినం. నన్ను నడుమ కూసోబెట్టిండ్రు. బొమ్మ ఎవలు సూసిండ్రు? అందరం ఎనుకకు తిరిగి గేటు కాడ నిన్నే సూసినం."