చెల్లెలి బీరువా

భూకంపం తర్వాత ఆ ఊళ్లో ముందుగా మూతపడ్డ వ్యాపారం తాళాలది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆలోచిస్తే అంతే మరి. నేల మళ్లీ ఎప్పుడు కదులుతుందో తెలియనప్పుడు తలుపుకు గడియ పెట్టుకోవడానికే జనం వణికిపోయారు. తాళంచెవి వెతుక్కునేలోపు కప్పు నెత్తిన పడితే? ఇక గుడారాల్లో ఉన్నవాళ్లకు తాళంకప్పతో పనేముంది? బజారు మూల ఇరుకు కొట్టులో పెళ్లికి ముందు నుంచీ మారుతాళాలు చేసుకుంటూ బతికిన మనిషి, అందరూ తాళాలాయన అని పిలిచే మనిషి, ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

ఊరంతా అలాగే తలకిందులైంది. గాలీ వెలుతురూ వస్తాయని పై అంతస్తులు ఎగబడి కొన్నవాళ్లు, నేలమీద వంటగది పాటి గది దొరికినా చాలని ఇంటి యజమానుల గడ్డం పట్టుకుంటున్నారు. నిన్నటిదాకా గోనెసంచులు పడేసిన గదులకు ఎక్కడలేని అద్దెలూ వచ్చాయి. పైన మాత్రం అద్దె సగానికి పడిపోయింది, గతిలేనివాళ్లు అక్కడికి ఎక్కారు. బ్యాంకు ఒక పాత బస్సులోకి మారింది. లిఫ్టు మెకానిక్ టీ అమ్ముతున్నాడు. కూలిన ఇళ్లలోంచి లాగిన వంకర చువ్వల్ని రోడ్డు పక్కన కూర్చుని సుత్తితో సాపు చేయడం కొత్త బతుకుతెరువైంది. పొద్దున లేస్తే ఆ చప్పుడే.

కొన్నాళ్లకు బీరువాలు రావడం మొదలైంది. శిథిలాల కిందనుంచి తీసిన ఇనుప బీరువాలు, నలిగి, సొట్టలు పడి, తోపుడుబళ్ల మీద తాళాలాయన కొట్టుకు వచ్చేవి. తాళంచెవులు ఏ మట్టిలో కలిశాయో ఎవరికి తెలుసు? బీరువా తనదేనని చూపించడానికి ఎవరి దగ్గరా కాగితం ముక్క లేదు. అందుకని ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. తెరవకముందే లోపల ఏముందో పదిమంది ముందూ చెప్పాలి. చెప్పింది ఉంటే తీసుకెళ్లొచ్చు. లేకపోతే బీరువా పోలీసు గుడారానికి పోతుంది.

ఒక పెద్దమనిషి "బంగారమయ్యా, అంతా బంగారం" అని గుండెలు బాదుకున్నాడు. తెరిస్తే బట్టల వెనక వరసగా ఖాళీ సారా సీసాలు! పక్కనే ఉన్న ఆయన భార్య, "ఇందుకా ఇన్నేళ్లూ నాకు తాళంచెవి ఇవ్వంది!" అని ఆ నడివీధిలోనే ఆయన దుమ్ము దులిపేసింది. అప్పటిదాకా ఏడ్చిన జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట నీలాంటోడు" అని ఎదురుకొట్టు మంగలి దెప్పేవాడు.

"నేనడగట్లేదు, వాళ్లే తెచ్చిస్తున్నారు" అనేవాడు తాళాలాయన. ఆ మాటలో కాస్త గర్వం లేకపోలేదు. ఇంత చేతినిండా పని ఆయన జన్మలో చూడలేదు.

అలాంటి రోజుల్లోనే చెల్లెలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అమ్మా నాన్నా పోయాక ఆయన ఎత్తుకు పెంచిన చెల్లెలు. నోట్లో నాలుక లేని పిల్ల. దాని మొగుడు బేకరీలో పనిచేస్తాడు, చెడ్డవాడు కాదు గానీ ఉత్త మొండి. అద్దె సగమని సంబరపడి, భూకంపం వచ్చిన నెలలోనే సంసారాన్ని ఊరి ఆ చివర నాలుగో అంతస్తుకు ఎక్కించాడు.

"అన్నయ్యా, గోడ పగుల్లో చెయ్యి పడుతోంది. చెప్తే ఈయన నవ్వుతున్నాడు. నన్నొచ్చి తీసుకెళ్లు."

"ఆదివారం వస్తానమ్మా. రోడ్లు బాలేవు. ఒక్కదానివీ బయల్దేరకు, నేనొచ్చేదాకా ఉండు."

ఆదివారం వచ్చింది. కొట్టు ముందు బీరువాలు బారులు తీరాయి. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని ఫోన్ చేసి చెప్పాడు. "సరే అన్నయ్యా" అంది. కాదంటే ఏమయ్యేదో, ఆ పిల్లకు కాదనడం ఎప్పుడొచ్చింది కనుక!

మళ్లీ ఆదివారం రాకముందే రెండో భూకంపం వచ్చింది. పట్టపగలు. మొగుడు బేకరీలో ఉన్నాడు. ఆ మేడ ఉన్నచోటే కూలబడిపోయింది.

శవం దొరకలేదు. ఆ పొద్దున ఊరు వదిలి పోయే లారీ ఎక్కుతుండగా చూశానని పాలమనిషి అన్నాడు. "ఆమెలాగే ఉంది" అన్నాడు, అంతే. ఆ ఒక్క ముక్క పట్టుకుని తాళాలాయన వేలాడాడు. నాకోసం చూసి చూసి విసిగి వెళ్లిపోయింది, ఏ ఊళ్లోనో బతికే ఉంది, నా మీద కోపంతో కబురు చెయ్యట్లేదు అనుకున్నాడు. మొగుడు మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. "నాకు చెప్పకుండా అది గడప దాటదు బావగారూ." ఆ బింకం చూస్తే ఒళ్లు మండేది ఆయనకు. అది నిన్ను వదిలి వెళ్లిందని ఒప్పుకోవడం కన్నా చచ్చిందనుకోవడమే నయంగా ఉందిరా నీకు, అని అరవాలనిపించేది.

మట్టి తీసే క్రేన్లు ఆ వీధికి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఆ మేడ మట్టి సగం కూడా తియ్యకముందే ఒకరోజు మొగుడు తోపుడుబండి మీద బీరువా తెచ్చి కొట్టు ముందు దించాడు. చెల్లెలి పెళ్లికి తాళాలాయన తన చేతుల్తో తాళం బిగించి ఇచ్చిన బీరువా అది.

"తాళం బిగుసుకుపోయింది బావా, తర్వాత చూద్దాం" అన్నాడు తాళాలాయన. ఊరందరి బీరువాలూ ఇట్టే తెరిచిన మనిషి దీని దగ్గర మాత్రం మీనమేషాలు లెక్కపెట్టాడు. మొగుడు రోజూ వచ్చి అడగడం, ఈయన ఏదో ఒక వంక చెప్పడం. లోపల చెల్లెలి బట్టలు లేకపోతే వెళ్లిపోయినట్టు, ఉంటే ఆ పిల్లే లేనట్టు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చివరికి తాళాలాయన భార్యే సుత్తి, ఉలి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇంకెన్నాళ్లు దాని చుట్టూ తిరుగుతావు? నాకు భయంగా ఉంది నిన్ను చూస్తే. తెరువు."

పద్ధతి పద్ధతే అన్నట్టు ఆయన ముందు అడిగాడు. "లోపలేముందో చెప్పు బావా."

"దాని బట్టలు. అన్నీ ఉంటాయి."

"ఉండవు" అన్నాడు తాళాలాయన.

తాళం ఊడింది. తలుపు లాగితే మట్టి జలజలా రాలింది. పై అరలో మొగుడి చొక్కాలు, ప్యాంట్లు మడత చెదరకుండా ఉన్నాయి. కింది అర, చెల్లెలిది, ఖాళీ. ఒక్క గుడ్డ కూడా లేదు.

"చూశావా! వెళ్లింది! నా చెల్లెలు వెళ్లిపోయింది!" ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. మొగుడు మొహం పాలిపోయి గోడకు చేరగిలబడ్డాడు.

భార్య మాత్రం వంగి బీరువా అడుగున చూస్తోంది. పాత పరుపుగుడ్డ ఒకటి కప్పి ఉంది. దాన్ని తీసింది. చెల్లెలు మొగుడి కంట పడకుండా దాచిన సంచి, జిప్పు పెట్టి, సిద్ధంగా ఉంది. లోపల బట్టలు, సబ్బు, దువ్వెన. అన్నిటికన్నా పైన ఒక దుప్పటి. తమ గుడారంలో దుప్పట్లు చాలట్లేదు, వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకోమని ఫోన్లో చెప్పింది తాళాలాయనే.

చెల్లెలి మొగుడు సంచి దగ్గరికి వచ్చాడు. బింకమంతా పోయి, గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

"సంచి లేకుండానే వెళ్లుంటుంది బావగారూ. భయపడి, కట్టుబట్టలతో... పాలాయన చూశాడుగా. వెళ్లే ఉంటుంది. ఔనని ఒక్కమాట అనండి."

తాళాలాయన దుప్పటి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"వెళ్లలేదు బావా" అన్నాడు. "నేనొచ్చేదాకా ఉండమన్నాను."