ప్లాను మూలన ఉత్తరం గుర్తు

కలిదిండి మండలం ఏలూరు జిల్లాలో కలిసిన మరుసటి వేసవి. అప్పటికి నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. రిటైర్మెంట్‌కి ఇంకా పద్నాలుగు నెలలుంది. నా పైన ల్యాబ్ ఇన్‌చార్జి, ఆయన పైన హెచ్.ఓ.డి., అందరి పైనా ప్రిన్సిపాలు. నా కింద ఎవరూ లేరు. నెత్తిమీద తిరిగే ఫ్యాను కూడా నా మాట వినేది కాదు. మెట్ల కింద గదిలో ఉన్న పాత కంప్యూటర్ల బాధ్యత నాది. వాటిని తుక్కు అన్నవాళ్ళతో నేను రెండు రోజులు మాట్లాడేవాణ్ణి కాను.

అవి టీవీకి తగిలించి వాడే ఇంటి కంప్యూటర్లు. యంత్రమంతా కీబోర్డులోనే ఇమిడి ఉంటుంది. ఒకప్పుడు కొన్ని బడులకు కూడా ఇలాంటివే ఇచ్చారు. ఏ కంపెనీ పద్ధతి దానిదే. ఒకదాంట్లో గీసిన బొమ్మ ఇంకోదాంట్లో తెరిస్తే చుక్కలూ చారలూ తప్ప ఏమీ కనబడవు. ఒక యంత్రం ఫైలుని రెండో యంత్రానికి అర్థమయ్యేలా మార్చి, అక్కణ్ణించి ఇప్పటి కంప్యూటర్లోకి తెచ్చి ప్రింటు తీయడం నాకు చేతనైన పని. జిల్లాలో ఈ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. దాచుకోవడం ఎందుకు?

ఒక బుధవారం ప్రిన్సిపాలు గారు కబురు పెట్టి ఒక పెద్దావిణ్ణి పరిచయం చేశారు. పేరు రూతమ్మ. కలిదిండి వైపు ఒక మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. చేతిసంచిలోంచి గుడ్డలో చుట్టిన పాత ఫ్లాపీ ఒకటి తీశారు. దాంట్లో వాళ్ళ ఊరి క్రైస్తవుల సమాధుల తోట ప్లాను ఉందట. అదే బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసిన ఆవిడ భర్త, బడికి కంప్యూటరు వచ్చిన కొత్తలో ముచ్చటపడి గీశారట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ప్లాను ఇప్పుడెందుకంటే, తోట పక్కనున్న మురుగు కాలువ గట్టు వెడల్పు చేస్తున్నారు. కాలువ వైపు వరసలో ఉన్న ఎనిమిది సమాధులూ మట్టి కింద పడిపోతాయి. ఎవరివాళ్ళని వాళ్ళు శనివారం లోపల తీసి వేరే చోట పెట్టుకోవచ్చని సంఘ పెద్దలు అనుమతి తెచ్చుకున్నారు. సోమవారం పొక్లెయిన్ వస్తుంది. అయితే ఏ సమాధి ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు. కొయ్య సిలువలన్నీ ఏనాడో వరదకి కొట్టుకుపోయాయి. చర్చి రిజిస్టరులో పేరుకెదురుగా నంబరు ఉంది గానీ, ఆ నంబరు నేల మీద ఎక్కడుందో ప్లాను ఒక్కటే చెప్పాలి.

ఆవిడ నంబరు పదకొండు. మూడు రోజులు బతికి పోయిన మగబిడ్డ. ఆవిడ అప్పుడు ఏలూరులో ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. మాస్టారే ఒక్కరూ తీసుకెళ్ళి పాతిపెట్టి వచ్చారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తితే ఆయన లేచి వెళ్ళిపోయేవారట. ఆవిడ మొదటిసారి తోటకి వెళ్ళగలిగేసరికే సిలువలు లేవు. అప్పట్నుంచి ఏటా గేటు దగ్గరే కొవ్వొత్తి వెలిగించి వస్తున్నారు.

“వాడు కాలువ వైపుంటే తీసుకుంటానండి. లేకపోతే అక్కడే ఉండనిస్తాను. ఎక్కడున్నాడో చెప్పండి, చాలు,” అన్నారు.

ఫ్లాపీ మొండికేసింది. రెండుసార్లు తుడిచి, మూడోసారికి చదివించాను. లోపలున్నది బొమ్మ కాదు. ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి గీత గీయి, ఫలానా చోట ఈ అంకె వేయి అని వరసగా రాసిన ఆదేశాలు. బడి కంప్యూటరు మా దగ్గర లేదు. పనిచేస్తున్నది వేరే కంపెనీది. ఆదేశాలన్నిటినీ దాని భాషలోకి మార్చాను. గురువారం మధ్యాహ్నానికి ప్లాను తెర మీదికి వచ్చింది. ఎడమ గోడలో గేటు, పైన జంట గీతలుగా కాలువ, రెండు వరసల గళ్ళు. పై వరసలో ఒకటి నుంచి ఎనిమిది, కింది వరసలో తొమ్మిది నుంచి పదహారు. మాటలేమీ లేవు. ఆ యంత్రంలో తెలుగు లేదు, ఆ ఊరివాళ్ళకి కాలువ ఎటుందో చెప్పనక్కర్లేదు. ఒక మూల నిలువు గీత, కింది భాగాన దాన్ని దాటుతూ చిన్న అడ్డగీత. నేను డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివినవాణ్ణి. ఉత్తరం గుర్తు అనుకున్నాను. ప్లాను పద్ధతిగా గీశారని మాస్టారిని మెచ్చుకున్నాను కూడా.

సంఘ కార్యదర్శి ప్రకాశరావు గారికి ఫోన్లో జాబితా చెప్పాను. కాలువ వరస ఒకటి నుంచి ఎనిమిది, గేటు వైపు నుంచి లెక్క. పదకొండు లోపలి వరసలో ఉంది, కదపనక్కర్లేదు. రూతమ్మగారికి ఆ కబురు చెప్పమన్నాను.

శనివారం పొద్దున ప్లాను అందజేసి రమ్మని ప్రిన్సిపాలు గారు నన్ను పంపారు. నేను వెళ్ళేసరికే పని మొదలైంది. కాలువ వరసలో గేటు నుంచి మూడో చోట ఇద్దరు తవ్వుతున్నారు, మోకాలి లోతు దిగారు. అది మూడో నంబరు, యేసుదాసు అనే రైతు తండ్రిది. ఆయన కొత్త పెట్టె తెచ్చుకుని పక్కనే నిలబడి ఉన్నారు. రూతమ్మగారు లోపలి వరసలో మూడో చోట, అంటే నేను పదకొండు అని చెప్పిన చోట, బంతిపూలు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేచి, ప్లాను ఒకసారి చూపించమన్నారు. ఆవిడ దాన్ని అప్పటిదాకా చూడలేదు.

కాగితం తీసి ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూశారు. తర్వాత మూలనున్న గీతల మీద వేలు పెట్టారు.

“ఏవండీ, సిలువ తలకిందులుగా ఉందేంటండీ?”

అది సిలువ కాదు, ఉత్తరం గుర్తు అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మాస్టారు ఏ బొమ్మ గీసినా ముందు మూలన సిలువ వేసి గానీ మొదలుపెట్టేవారు కాదట. “ఆయన సిలువని ఇలా వెయ్యరండి,” అన్నారు.

 కాగితం తీసుకుని గేటు దగ్గరికి నడిచాను. గేటులోంచి లోపలికి చూస్తే కాలువ కుడిచేతి వైపుంది. కాగితంలో ఎడమచేతి వైపుంది. ఇందాక అదే గేటులోంచి లోపలికి వచ్చాను, కళ్ళున్నాయి గానీ చూడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే నిలబడి తెలుసుకున్నాను. మా యంత్రం గీతలకీ అంకెలకీ చోటుని పైనుంచి కిందికే లెక్కపెడుతుంది. బడి యంత్రం అంకెలని పైనుంచి లెక్కపెట్టినా, గీతలని మాత్రం కిందనుంచి పైకి లెక్కపెడుతుంది. నేను అన్నిటినీ పైనుంచే అనుకుని మార్చాను. అంకెలు వాటి చోట అవి ఉన్నాయి, గీతలు తిరగబడ్డాయి. కిందుండాల్సిన కాలువ పైకి పోయింది. రెండు వరసలూ సరిసమానంగా ఉండడంతో గళ్ళలో అంకెలు చక్కగా కుదిరి నా కొంప ముంచాయి. నిజానికి కాలువ వరస తొమ్మిది నుంచి పదహారు. గేటు నుంచి మూడోది పదకొండు.

పరుగెత్తాను. యాభై తొమ్మిదేళ్ళ వయసులో అలా పరుగెత్తడం చూసి జనం ఏదో అయిందనుకున్నారు. తవ్వేవాళ్ళని ఆపమన్నాను. ప్రకాశరావు గారికి కోపం వచ్చింది, ఆయన తప్పేం లేదు. అనుమతి ఆ రోజుతో సరి. గురువారం ఒకలా చెప్పి ఇప్పుడు మాట మారుస్తారేంటి, ఈ రెండో మాట మాత్రం ఎలా నమ్మాలి అని అందరి ముందూ నిలదీశారు. తప్పు నాదని ఒప్పుకున్నాను. ప్లాను తిరగబడిందని చెప్పాను. అంతకన్నా నా దగ్గర రుజువేమీ లేదు. యంత్రాల గురించి అక్కడ ఎంత చెప్పినా ఎవరికి ఎక్కుతుంది?

యేసుదాసు గారు ఒక్కరే నిదానంగా మాట్లాడారు. జాగ్రత్తగా ఇంకొంచెం తియ్యమన్నారు, ఏముందో చూద్దామన్నారు. తవ్వేవాళ్ళు పారలు పక్కనపెట్టి చేతులతో మట్టి తీశారు. ఇటుకల అంచు తగిలింది. చుట్టూ తుడుచుకుంటూ పోతే నాలుగు పక్కలా ఇటుకల వరస బయటపడింది. పొడవు మూరన్నర ఉంటుందేమో.

యేసుదాసు గారు తలమీది తువ్వాలు తీశారు.

“మా నాన్న ఆరడుగుల మనిషండి. ఇది మాది కాదు. టీచరుగారూ, మీరు రండమ్మా,” అన్నారు.

ఆవిడ అంచున కూర్చున్నారు. లోపల నల్లమట్టి తప్ప ఏమీ మిగల్లేదు. ఆవిడ ఏడవలేదు. రెండు చేతులతో ఆ మట్టి ఎత్తి, తన పమిట కొంగులో వేసుకున్నారు. వాడి కోసం ఆవిడ పెట్టె తెచ్చుకోలేదు. కదపనక్కర్లేదని నేనే చెప్పాను కదా. ఆ కొంగు కేసి నేను చూడలేకపోయాను. యేసుదాసు గారు తను తెచ్చిన పెట్టె తీసుకొచ్చి ఆవిడ ముందు పెట్టి మూత తీశారు.

తొమ్మిది నుంచి పదహారు దాకా ఉన్న మిగతా ఏడు కుటుంబాల కోసం ఫోన్లు వెళ్ళాయి. ఆరు కుటుంబాలు సాయంత్రం లోపల రాగలిగాయి. పదహారో నంబరు వాళ్ళు దొరకలేదు. ఆ సమాధి గట్టు కిందే ఉండిపోయింది. నేను గురువారమే సరిగా చెప్పి ఉంటే వాళ్ళని వెతకడానికి రెండు రోజులుండేది. సోమవారం ఇదంతా రాసి, పదహారో నంబరు సంగతితో సహా, ప్రిన్సిపాలు గారికి ఇచ్చాను. ఆయన చదివి ఫైల్లో పెట్టారు.

మిగిలిన పద్నాలుగు నెలల్లో ఇంకా చాలా ఫైళ్ళు మార్చాను. ఏ ఫైలు మార్చినా, అందులో ఉన్నది తెలిసిన మనిషికి చూపించి, సరిగా ఉందని వాళ్ళు చెప్పాకే ఫలితం చెప్పాను. బొమ్మ తెర మీద చక్కగా కుదిరితే పని అయిపోయినట్టు కాదు. నాకు అర్థమైపోయిందనుకున్న గుర్తు గురించే ముందుగా అడగాలి. రూతమ్మగారికి ఆ కాగితం గురువారం చూపించి ఉంటే సరిపోయేది.