జేబులో వణికే ఫోను

నా భార్య మొదటిసారి పెరట్లో పడినప్పుడు నేను వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. "ఏవండీ, ఏవండీ" అని గొంతు పోయేలా పిలిచిందట. నాకు ఒక్క పిలుపూ వినపడలేదు.

తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమస్తాగా ఉద్యోగమంతా గడిపాను. మిషన్ల పక్కనే నా బల్ల. పని మానేసేనాటికి చెవులు దాదాపు పోయాయి. చెవిలో మిషను పెట్టుకుంటే రొద తలలోకెక్కేది గాని మాట తెలిసేది కాదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి పోల్చుకోవడమే.

ఆ పూట పక్కింటి పంతులుగారి భార్య గోడ మీదుగా చూసి, పరుగున వచ్చి, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. బట్టలుతికే బండ పక్కన నా భార్య ఒరిగిపోయి ఉంది. మణికట్టు విరిగింది. ఎంతసేపటి నుంచి అలా ఉందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఏలూరులో కట్టు కట్టిన డాక్టరు నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"లేవగానే కళ్ళు తిరుగుతున్నాయండి ఆవిడకి. ఎముకలు గుల్లబారాయి. ఈసారి పడితే తుంటి విరుగుద్ది. కనిపెట్టుకుని ఉండండి."

కనిపెట్టుకునే ఉన్నాను. ఆవిడ స్నానానికి వెళితే తలుపు ముందు, వంటింట్లోకి వెళితే గుమ్మంలో. నిద్రపోతున్నా గుండెల వైపు చూసేవాణ్ణి, ఎగసిపడుతున్నాయా లేదా అని.

"నేనెక్కడికైనా పారిపోతానాండీ? కాసేపు అలా కూర్చోండి" అని విసుక్కునేది.

మా అమ్మాయి ఏలూరులో టీచరు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి మా ఇద్దరినీ చూసి, "ఇలాగైతే ముందు నాన్న పడిపోతారు. అమ్మ నొక్కగానే నాన్నకి తెలిసే వస్తువేదో కొనాలి" అంది.

మొదట వైరు లేని కాలింగ్ బెల్లు తెచ్చింది. బటను వాళ్ళమ్మ మెడలో, బెల్లు నా కుర్చీ పక్కన. ఆవిడ పెరట్లోంచి నొక్కితే ఆ బెల్లు పెట్టిన పిట్ట కూతకి పంతులుగారింట్లో వాళ్ళు బయటికొచ్చారు. నేను మాత్రం పేపరు తిరగేసుకుంటున్నానట. తరవాత ఎలక్ట్రీషియన్ని పిలిచి దానికో ఎర్రబల్బు కలిపించాం. అది వెలిగేది, నిజమే. కాని నేను దాని వైపే చూస్తూ కూర్చోవాలి. కరెంటు పోతే అదీ లేదు. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు?

అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు మా వీధుల్లోకి వస్తున్నాయి. "చెవిటివాడికి ఫోనెందుకే?" అన్నాను.

"వినక్కర్లేదు నాన్నా. అది వణికితే చాలు."

షాపాయన కెమెరా ఉన్నదీ, పాటలు పాడేదీ చూపించబోయాడు. అమ్మాయి వద్దంది. "అంకెలు పెద్దవి ఉండాలండి. ఒక్క మీట నొక్కి పట్టుకుంటే కాల్ వెళ్ళిపోవాలి. గట్టిగా వణకాలి." ఆయన ఒక్కో ఫోనూ నా అరచేతిలో పెట్టి మోగించాడు. కొన్ని చీమ పాకినట్టున్నాయి. ఒకటి పట్టుకున్న తూనీగలా కొట్టుకుంది. అలాంటివి రెండు తీసుకున్నాం. ఆవిడది చిన్న గుడ్డసంచిలో పెట్టి మెడలో వేశాం, నాది చొక్కా జేబులో. ఆవిడ ఇంట్లో మూలమూలకీ వెళ్ళి నొక్కి చూసింది. స్నానాలగదిలో మాత్రం సిగ్నల్ అందలేదు. ఆవిడ పడతుందని నేను ఎక్కువ భయపడే చోటు అదే. వేరే కంపెనీ సిమ్ వేయించాక గాని అందలేదు.

ఇక భయం తగ్గుతుందనుకున్నాను. జేబులోకి చేరింది, అంతే. ఫోను ఊరికే ఉన్నా వణికినట్టుండేది. గబుక్కున లేచి పెరట్లోకి పరిగెత్తేవాణ్ణి. ఆవిడ తోటకూర కోసుకుంటూ తలెత్తి, "నేను నొక్కలేదండీ" అనేది.

కొల్లేట్లో గవర్నమెంటు వాళ్ళు చేపలచెరువుల గట్లు పగలగొట్టిన ఏడాది, మిల్లులో నాతో పనిచేసినాయన కైకలూరు వైపు ఓ లంకఊళ్ళో పోయాడని కబురొచ్చింది. నేను కదలనన్నాను.

"ఆయన మనింట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడండీ. వెళ్ళి రండి. పక్కింట్లో వదినగారున్నారు, మెళ్ళో ఇదుంది" అంది.

మట్టి కార్యక్రమం అయ్యాక ఏలూరు బస్సెక్కాను. కొల్లేటి రోడ్డు మీద గోతులకి బస్సంతా వణుకుతోంది. ఇందులో ఫోను వణికితే తెలిసేదెలా? తీసి గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. అటూ ఇటూ నీళ్ళు, తెగిన గట్లు, ఊరన్నదే కనిపించని చోట అది వణికింది. తెర మీద ఆవిడ ఫోను నంబరు.

మీట నొక్కి చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. నా చెవిలో ఎప్పుడూ ఉండే హోరు, అంతే. ఆవిడ ఏడుస్తుందో, పిలుస్తుందో, అసలు మాట్లాడుతుందో లేదో. పక్కసీట్లో చంటిపిల్లతో ఉన్నావిడకి ఫోను అందించాను.

"అమ్మా, నాకు వినపడదు. నా భార్య. ఏమంటుందో చెప్పమ్మా."

ఆవిడ పిల్లని నా ఒళ్ళో పెట్టి ఫోను తీసుకుంది. వింటుంటే ఆవిడ మొహం మారిపోయింది. నా కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "వంటింట్లో పడ్డారంటండి. కాలు కదలట్లేదంట. వీధి తలుపు గడియేసుందంట."

"భయపడకు, వస్తున్నా" అని ఫోను వైపు వంగి అరిచాను. ఇంకోసారి అరిచేలోపు ఆవిడ తల అడ్డంగా ఊపింది. సిగ్నల్ పోయింది.

మళ్ళీ దొరికేవరకూ ఆ రోడ్డు ఎంత పొడుగో నేను చెప్పలేను. పిల్ల నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. నేను ఫోను తెరనే చూస్తున్నాను. సిగ్నల్ గీతలు కనపడగానే పంతులుగారింటి నంబరు నొక్కి ఆవిడకే ఇచ్చాను. "పెరటిగోడ దూకి వెళ్ళమనమ్మా" అన్నాను. ఆవిడ అంతా చెప్పి, విని, నా వైపు తిరిగింది. "వెళుతున్నారంట. కారులో నేరుగా ఏలూరు తీసుకొస్తారంట. మిమ్మల్ని ఆస్పత్రికే వచ్చెయ్యమన్నారు."

ఆవిడ పేరైనా అడక్కుండా ఏలూరులో దిగిపోయాను.

ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి కారులోకీ తొంగి చూశాను. ఉంగుటూరు దాటారో, భీమడోలు దాటారో, దార్లో ఏమైనా అయిందో. చివరికి ఒక కారులో వెనకసీటు మీద, పంతులుగారి భార్య ఒళ్ళో తల పెట్టుకుని, కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూసి పెదాలు కదిపింది.

"ఎందుకండీ అంత అరుపు? చెవులు గళ్ళుపడ్డాయి."

తుంటి విరిగింది. ఆపరేషను చేసి స్టీలు ముక్క వేశారు. వార్డులో ఉండగా చెప్పింది. పడ్డాక ఎవరో తెలియని ఆడమనిషి గొంతు వినపడేసరికి, నాకే ఏదో అయిందనీ ఫోను ఇంకెవరి చేతిలోనో పడిందనీ హడలిపోయిందట. నా కేక వినపడ్డాకే ఊపిరి తీసుకుందట.

ఇంటికి తెచ్చాక అమ్మాయి ఆవిడ ఫోనులో ఇంకో మీటకి పక్కింటి నంబరు పెట్టింది. నేను ఊరు దాటడం మానేశాను. సాయంత్రాలు వాకరు పట్టుకుని వరండాలో నడక నేర్చుకునేది. వెనకాలే నేను. అడుగు తడబడినప్పుడల్లా నా చేతులు వాటంతటవే ముందుకు పోయేవి.

"మీరలా చూస్తుంటే నాకు భయమేస్తోందండీ. కాసేపు అటు తిరగండి" అనేది.

నేను తిరిగేవాణ్ణి కాదు.