అత్తగారి పొడికి మళ్ళీగారి పరీక్ష

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, మందుల పరిశోధన సంస్థలో జీతాల విభాగం వాళ్ళు తప్ప దాన్నెవరూ వాడరు. అందరికీ ఆయన మళ్ళీగారు. ఏ మందులో ఏముందో, ఉండకూడనిది ఏముందో తేల్చి చెప్పడం ఆయన ఉద్యోగం. తేల్చడమంటే మాత్రం ఆయనకు చచ్చేంత భయం. ఫలితం ఎంత స్పష్టంగా వచ్చినా కళ్ళజోడు పైకి తోసుకుని, "మళ్ళీ ఓసారి చేద్దాం" అంటారు. పై అధికారులు దీన్ని శాస్త్రీయ దృష్టి అని సన్మానసభల్లో పొగుడుతారు. ఆ సంస్థ మందు దుకాణానికి చేరేలోగా రోగులు సగంమంది వేరే జబ్బులకు మారిపోతారు, అది వేరే సంగతి.

ఇంట్లోనూ అదే తంతు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూస్తారు. పెళ్ళికి ముందు కాబోయే భార్య ఎంతో సిగ్గుపడి "మీరంటే నాకిష్టమే" అని చెబితే, "మళ్ళీ ఓసారి చెప్పండి" అన్నారట. ముచ్చటపడి అడిగారనుకుని ఆవిడ మళ్ళీ చెప్పింది. నిర్ధారణ కోసం అడిగారని పెళ్ళయ్యాక తెలిసింది.

లిఫ్టు లేని ఆ మూడో అంతస్తు ఇంటికి అత్తగారు మోకాళ్ళ నొప్పులతో సహా వచ్చి చేరారు. మెట్ల మలుపు దగ్గర కూర్చుని, మందులు తయారుచేసే అల్లుణ్ణి చేసుకున్నందుకు తనకు ఒరిగిందేమిటని గోడకు చెప్పుకునేవారు. మళ్ళీగారికి అది వినబడేది. వినబడనట్టు నటించడంలో మాత్రం ఆయనకు రెండోసారి అవసరం పడేది కాదు.

అంతలో బజారులో, చెప్పుల కొట్టుకూ తాళంచెవుల కొట్టుకూ మధ్య, ఒక వేర్ల వైద్యుడు వెలిశాడు. బోర్డు మీద "నూటికి నూరుపాళ్ళూ ప్రకృతి" అని ఆకుపచ్చ అక్షరాలు. ఆకుపచ్చ రంగు వేశాక ఇక రుజువులతో పనేముంది? అత్తగారు ఒక రేకు డబ్బాడు పొడి తెచ్చుకుని పొద్దునా సాయంత్రం చెంచాడు చొప్పున మింగారు. వారం తిరక్కుండానే మెట్లు ఎక్కేశారు. డబ్బా మీద డబ్బా తెచ్చుకుంటూ నెలలు గడిచేసరికి మొహం గుండ్రంగా నిండింది. పక్కింటావిడ వచ్చి, "మీరు పదేళ్ళు వెనక్కి వెళ్ళారండీ" అని బుగ్గలు నొక్కుకుంది.

"మీ ఆఫీసులో ఇన్నేళ్ళుగా గాజు గొట్టాలు కడుగుతున్నారు కదా అల్లుడుగారూ, ఆ వేర్లాయన్ని ఒక్కసారి పిలిచి అడగరాదూ? చెప్పేవాడే పాపం, మంచివాడు" అన్నారు అత్తగారు.

మళ్ళీగారికి ఒళ్ళు మండింది. మొక్కల్లో మందు లేదని ఆయన ఏనాడూ అనలేదు. వాళ్ళ సంస్థలో సగం మందులు ఆకుల్లోంచీ బెరడుల్లోంచీ పుట్టినవే. కానీ ఏ వేరూ ముసలి మోకాళ్ళను వారంలో ఇలా పరుగెత్తించదు. పైగా ఆ గుండ్రటి మొహాన్ని ఆయన పుస్తకాల్లో చూశారు. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి వాడినవాళ్ళ బొమ్మలవి. ఒక చిటికెడు పొడి కాగితంలో చుట్టుకుని ఆఫీసుకు పట్టుకుపోయారు.

యంత్రం తన పని తాను చేసింది. తెర మీద ఒక గీత నిటారుగా లేచి నిలబడింది. అది స్టెరాయిడ్ గీతే. వాళ్ళ విభాగం ఆ నెలంతా పరీక్షిస్తున్నదీ ఆ స్టెరాయిడ్‌నే. ఇంకెవరైనా అయితే వైద్యుడి గొంతు పట్టుకునేవారు. మళ్ళీగారు తన చేతుల్నే అనుమానించారు.

"మన మందే యంత్రంలో అంటుకుని ఉంటుంది. శుభ్రంగా కడిగి మళ్ళీ చేద్దాం."

"అంటుకుంటే ఇంత గీత వస్తుందా సార్? పొడిలోనే ఉంది. ఇంటికెళ్ళి ఆవిడకు చెప్పండి" అంది పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ.

"తొందరపడకూడదమ్మా. ఒకరి మీద నింద వేసే ముందు మన చేతులు కడుక్కోవాలి" అన్నారు మళ్ళీగారు. నిజంగానే వెళ్ళి కడుక్కున్నారు.

మళ్ళీ చేయాలంటే చిటికెడు చాలదు. ఆ సాయంత్రం అత్తగారి ముందు నిలబడి, "మీ పొడిని మా ఆఫీసులో పరీక్ష చేయించి, అందులో ఏముందో కాగితం తెస్తాను. డబ్బా ఓసారి ఇవ్వండి" అన్నారు. అత్తగారి కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళకు అల్లుడు దారికొచ్చాడు! డబ్బాను పమిట కొంగుతో తుడిచి మరీ చేతికిచ్చారు.

"కొట్టు ఎలాగూ మూసి ఉంది. వేర్ల కోసం అడవులకు వెళ్ళాడట. మీరు కాగితం తెచ్చేదాకా నేను ముట్టను లెండి. పెద్ద ఆఫీసు వాళ్ళు చూసిన పొడి తినడంలో ఉన్న దర్జాయే వేరు" అన్నారు.

అల్లుడి మాట మీద ఆవిడ నమ్మకం పెట్టుకోవడం అదే మొదటిసారి. పెట్టుకోకుండా ఉంటే బాగుండేది.

మళ్ళీగారు యంత్రం కడిగించారు. గీత వచ్చింది. గొట్టం మార్పించారు. గీత వచ్చింది. కొత్త గాజు సామాను తెప్పించి, పక్క గదిలోని యంత్రం అరువు తీసుకున్నారు. గీతకు సిగ్గూ శరమూ లేదు, అక్కడా వచ్చింది. ఇలా నాలుగు రోజులు గడిచేసరికి ఇంట్లో అత్తగారు అన్నం వద్దన్నారు. నీరసమన్నారు. వాంతులయ్యాయి. "అమ్మ మంచం దిగడం లేదండీ" అని భార్య చెబితే, "ఎండలు కదా, రేపు చూద్దాం" అని ఆయన ఆఫీసుకు పరుగెత్తారు. ఎండలు ఉన్నమాట నిజమే. ఆ మాట కూడా ఆయన కిటికీ తీసి రెండుసార్లు చూశాకే అన్నారు.

మధ్యాహ్నం ఫోను మోగింది. "అమ్మ స్నానాల గదిలో పడిపోయింది. పిలిస్తే పలకడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. వాళ్ళ మందుపెట్టెలో మడతపెట్టి పెట్టే కాగితం మీద ఒక వాక్యం ఉంటుంది: చాలాకాలం వాడినవారు ఈ మందును ఒక్కసారిగా ఆపరాదు, ప్రాణాపాయం. ఆ వాక్యంలో అచ్చుతప్పులు లేవని ప్రతి కొత్త ముద్రణకూ సంతకం పెట్టేది ఆయనే. అచ్చుతప్పు లేదు. అర్థం మాత్రం ఇప్పుడు తగిలింది. డబ్బా ఆయన బల్ల మీద ఉంది. ఆయన ఆసుపత్రికి పరుగెత్తారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గబగబా అడుగుతోంది. "బీపీ అందడం లేదు. ఏ మందులు వాడుతున్నారు?"

"ఏమీ లేవండీ, ఏదో ప్రకృతి పొడి..." అంటోంది భార్య ఏడుస్తూ.

"అందులో స్టెరాయిడ్ ఉంది" అన్నారు మళ్ళీగారు, గుమ్మంలోంచే. "నెలల తరబడి తిన్నారు. ఒక్కసారిగా ఆపేశారు. నేనే ఆపించాను."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "ఖచ్చితమేనా?"

అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచం మీద అత్తగారి చెయ్యి తెల్లగా, పనిలేనట్టు పడి ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది. "ఖచ్చితం" అన్నారు.

ఇంజెక్షను ఇచ్చారు, సెలైను పెట్టారు. సాయంత్రానికి అత్తగారు కళ్ళు తెరిచి, పక్క మంచం వాళ్ళ ఫ్లాస్కు మూత సరిగా పెట్టలేదని చెప్పారు. గండం గడిచిందని అందరికీ అర్థమైంది.

మళ్ళీగారు కాగితాలన్నీ పట్టుకుని మందుల తనిఖీ కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి అధికారి వాటిని ఆసాంతం చూసి, కళ్ళజోడు పైకి తోసుకుని, "బాగానే ఉంది గానీ, మేము మళ్ళీ పరీక్ష చేయించాలండీ" అన్నాడు. జీవితంలో మొదటిసారి మళ్ళీగారికి ఆ మాట అసహ్యమనిపించింది.

ఇంటికొచ్చాక అత్తగారికి డాక్టరమ్మ రాసిన మాత్రలు మొదలయ్యాయి. అదే స్టెరాయిడ్, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. సంగతి వివరిస్తే ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"అయితే మా వేర్లాయన ముందే కనిపెట్టాడన్నమాట! మీ డాక్టర్లకు ఇప్పటికి తెలిసింది" అన్నారు.

మళ్ళీగారు నవ్వలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "కాదు అత్తయ్యగారూ. వాడు మీకు చెప్పకుండా పెట్టాడు. నేను తెలిసీ చెప్పకుండా డబ్బా తీసుకెళ్ళాను. మీరు పడిపోయింది నా వల్లే. పొడిలో ఏముందో నాకు మొదటిరోజే తెలిసింది."

అత్తగారు వెటకారమేమీ లేకుండా అడిగారు.

"మొదటిరోజే తెలిస్తే, మొదటిరోజే చెప్పాల్సింది కదండీ అల్లుడుగారూ? మీరు చెబితే వినేదాన్నే కదా."

ఆ చివరి మాట నిజమో కాదో పరీక్షించే యంత్రం లేదు. ఆయన తల దించుకుని, మాత్రల అట్ట తీసి, పేరు చదివారు. అలవాటుగా అట్టను మళ్ళీ కళ్ళ దగ్గరికి తెచ్చుకోబోతుంటే అత్తగారు చెయ్యి చాపారు.

"చదివారుగా. ఇటివ్వండి."

ఆయన ఇచ్చేశారు.