ఆవిరి పట్టిన రొట్టెలు

భూలక్ష్మి బోరబండలో జొన్నరొట్టెలు చేసి అమ్మేది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు పెరుగుతున్న ఆ రోజుల్లో రొట్టెలకు గిరాకీ పెరిగింది. కానీ పొద్దున చేసిన రొట్టె మధ్యాహ్నానికి అట్టలా గట్టిపడేది. ఒక్కరివల్ల ఇది తేలదని, మధురానగర్‌లో పిండిమర నడిపే అచ్యుతరామయ్య చుట్టుపక్కల రొట్టెలు చేసేవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టాడు. ఎవరికి ఏ ఉపాయం తోచినా మిగతావాళ్ళకు చెప్పాలని మాట అనుకున్నారు.

భూలక్ష్మి చెప్పిన ఉపాయం అందరికీ నచ్చింది. పెనం మీంచి తీసిన రొట్టెను వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించాలి. అలా పెడితే రొట్టె మధ్యాహ్నానికి కూడా మెత్తగా ఉండేది. జూబ్లీహిల్స్‌లోని ఒక కంపెనీ అందరికీ కలిపి ఆర్డరిచ్చింది. సోమవారం నుంచి పంపాలి. పెద్ద వాటా భూలక్ష్మిదే. ఆ ధైర్యంతోనే ఆమె ఇద్దరు ఆడవాళ్ళను కొత్తగా పనిలో పెట్టుకుంది.

శనివారం ఫిల్మ్‌నగర్‌లో షూటింగుకు పంపిన రొట్టెలు తిరిగొచ్చాయి. అక్కడ భోజనాలు ఆలస్యమయ్యాయి. కవర్లలో నీళ్ళు పట్టి రొట్టెలు పులిసిపోయాయి. తను చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. చెబితే ఆర్డరు పోతుంది. భూలక్ష్మి ఒక కవరు తీసుకుని పిండిమరకు వెళ్ళింది. యూసుఫ్‌గూడలో రొట్టెలు చేసే పద్మప్రియ అక్కడే ఉంది.

"సారూ, రొట్టెలు కవర్లల్ల పెట్టకుండ్రి. ఖరాబైతున్నయి."

"ఇప్పుడా చెప్పేది! కవర్లన్నీ కొనేశాం కదమ్మా," అన్నాడు అచ్యుతరామయ్య.

పద్మప్రియ నవ్వింది. "ఏందక్కా, మేం భయపడితే ఆర్డరంతా నువ్వే కొట్టేద్దామనా?"

భూలక్ష్మి కవరు విప్పింది. పద్మప్రియ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"అబ్బా! ఎవలు చేసిండ్రు గివి?"

"నేనే."

"పద్ధతి ఎందుకు మార్చారని కంపెనీవాళ్ళు అడుగుతారమ్మా. మీ పేరు చెప్పమంటారా?" అన్నాడు అచ్యుతరామయ్య.

"చెప్పుండ్రి. దాచిపెడితే రేపు మీ మాట గూడ నమ్మరు."

కంపెనీ ఆమె వాటా తీసేసింది. మిగతావాళ్ళు రొట్టెలను చాటల్లో ఆరబెట్టి, గుడ్డ పరిచిన డబ్బాల్లో పంపారు. కొంచెం గట్టిగా ఉన్నాయన్నారు గానీ ఆఫీసువాళ్ళు తిన్నారు.

ఆ సోమవారమే, భూలక్ష్మి వాటా కూడా మీద పడి, పద్మప్రియకు పనివాళ్ళు చాలలేదు. కొత్తగా చేరిన ఇద్దరినీ భూలక్ష్మి ఆమె దగ్గరకు పంపేసింది. ఖాళీ అయిన వంటింట్లో ఒక్కతే కూర్చుని, గుప్పెడు పిండిలో మరిగే నీళ్ళు పోసి కలపసాగింది. చల్లారాక కూడా మెత్తగా ఉండే రొట్టె కావాలి. ఉపాయం దొరికితే మొదట పద్మప్రియకే చెప్పాలి.