మూడో బల్బు

ఇయ్యాల కాలేజీ ల్యాబుల మోటర్ ఆన్ చేసే ముందు బోర్డు మీది మూడు లైట్లు చూసిన. మూడూ ఎలుగుతున్నయి. మా బాయికాడి బల్బులు యాదికొచ్చినయి.

ఇబ్రహీంపట్నం అవుతల మా పొలంల స్టార్టర్ డబ్బా మీద మూడు బల్బులుండేటియి. అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. పట్టపగలు గివెందుకు దండుగ అనుకునేదాన్ని. ఇంట్ల నేను చదువుకునే బల్బు మాడిపోతే, కరెంటు లేనప్పుడు పోయి అండ్ల ఒకటి ఇప్పుకొచ్చుకున్న. మాడింది దాని జాగల పెట్టిన.

తెల్లారి కరెంటొచ్చింది, రెండే ఎలిగినయి. బాపు మోటర్ ముట్టలే. నారుమడి నెర్రెలు బారుతున్నా గట్టు మీదనే కూసున్నడు. పొద్దూకంగ లైన్‌మన్ అన్న వచ్చి టెస్టర్ పెట్టి నవ్విండు.

"మూడు ఫేజులూ ఉన్నయే. బల్బు మాడింది, గంతే."

ఏడ్సుకుంట ఒప్పుకున్న. బాపు కొట్టలే.

"అవి ఎలుగు కోసం కాదు బిడ్డా, ఒక్కో ఫేజుల కరెంటున్నదని ఒక్కో బల్బు చెప్తది. ఒక్క ఫేజు లేకున్నా మోటర్ పెడితే కాలిపోతది. గందుకే ఆగిన."

ఇప్పుడు నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఫేజు పోతే మోటర్‌ను ఆపి, రైతు ఫోనుకు కబురు పంపే డబ్బా ఒకటి తయారు చేస్తున్న. పనిచేస్తది, నాకేం ఫికర్ లేదు. మొదలు మా బాయికాడనే పెడుత.

ఫోనుకు కబురొచ్చినంక లైట్లెందుకని దోస్తులు అడుగుతరు. అయినా డబ్బా మీద మూడు పెట్టిన. ఆ రోజు నారు ఎండుతున్నా బాపు నమ్మింది వాటినే.